మహిషాసురుడికి నా మీసాలు

మా ఫ్యాక్టరీ సేఫ్టీ డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన పిల్లల కోసం నాలుగు మాటలు రాసిపెట్టమని ఈ మధ్య కబురు వచ్చింది. ఫ్యాక్టరీ పేరు రాయను. ఈ హిందీ మాట్లాడే ఊళ్ళో గోల్‌మురి వైపు పెద్ద ఫ్యాక్టరీల పక్కన నక్కి ఉండే ఒక చిన్న రేకుల ఫ్యాక్టరీ అనుకోండి, చాలు. హెల్మెట్ పెట్టుకోండి, బూట్లు వేసుకోండి అనే మాటలే వాళ్ళకు కావలసినవని తెలుసు. అవి గోడల మీద ఎప్పుడో రాశారు. గోడ చదవనివాడు నా రాత చదువుతాడని నాకు నమ్మకం లేదు.

ప్రమోషన్ల సంగతి కూడా రాయను. నాకు రెండే వచ్చాయి, రెండూ ఆలస్యంగానే. ఈ ఉద్యోగంలో మనిషి హీరోగా మొదలై విలన్‌గా ఎలా మారతాడో మాత్రం రాస్తాను. ఆ మాట నాది కాదు, మా మనవరాలు స్వీటీది.

విలన్ పోతే ఏడుపు

స్వీటీ కాలేజీలో బొమ్మలు గీయడం నేర్చుకుంటోంది. మొన్నొక మధ్యాహ్నం ఫోన్‌లో జపాన్ వాళ్ళ బొమ్మల సీరియల్ చూస్తూ వెక్కి వెక్కి ఏడుస్తోంది. నేను కంగారుపడి పేపరు పక్కన పడేశాను.

"ఎవులు పోయినారే?"

"విలన్."

"విలన్ పోతే ఏడుత్తారేటే?"

"తాతా, వో పహలే హీరో థా! ముందు హీరోనే!"

మేం తెలుగులో అడిగితే అది సగం హిందీలో జవాబు చెప్తుంది. అలా చెప్పిన కథ ఇది. వాడొక ఊరి కోటకు కాపలాదారు. ఊరంతా వాడి పేరు చెప్పుకుని మురిసిపోయేది. ఒకనాడు వాడు చేసిన పొరపాటు వల్ల స్నేహితుడికి దెబ్బ తగిలింది. ఇకపై ఎవరికీ ఏమీ కాకూడదని కోట తలుపులన్నీ మూసి, ఊరు మొత్తానికి తాళం వేసి కూర్చున్నాడు. ఊరి వాళ్ళే ఇప్పుడు వాడి మీద యుద్ధానికి వచ్చారు.

"అయితే పొరపాటు సంగతి ఊరోళ్ళకి సెప్పినాడా?" అని అడిగాను.

"నహీ. చెప్పుంటే విలన్ ఎందుకవుతాడు?" అని, కళ్ళు తుడుచుకుంటూ గోడ మీది నా రిటైర్‌మెంట్ ఫొటో వైపు చూసింది. అందులో నా నెత్తి మీద పసుపు హెల్మెట్, మెడలో విజిల్, మెలితిప్పిన మీసాలు. "తాతా, తుమ్ భీ తో వహీ హో! నువ్వూ అంతే!"

వంటింట్లోంచి మా ఆవిడ పైడితల్లి గొంతు వినిపించింది. "ఇన్నాళ్ళకి ఒకళ్ళు కనిపెట్టినారు."

స్వీటీ వెంటనే కాగితం, పెన్ను తీసుకుని నా ముందు కూర్చుంది. నా కథ బొమ్మలుగా వేసి కాలేజీలో చూపిస్తుందట. ప్రతి విలన్‌కీ వెనకాల ఒక సంగతి ఉంటుందట, నాకేం జరిగిందో చెప్పమంది. ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. ఆ పిల్ల మొహం చూస్తే ఎందుకో చెప్పేశాను. దానికి చెప్పినదే మీకూ రాస్తున్నాను.

మక్ఖన్

నేను ఫిట్టరుగా చేరిన రోజుల్లో భుయ్యాడీహ్ బస్తీ నుంచి సైకిల్ మీద డ్యూటీకి వెళ్ళేవాణ్ణి. వెనక క్యారియర్ మీద దాలినాయుడు. ఇద్దరివీ పలాస అవతల, ఒడిశా సరిహద్దు పల్లెలు. ఒకే నెలలో ఉద్యోగంలో చేరాం. వాడికి సైకిల్ ఉండేది గానీ, తొక్కడం బద్ధకం.

మా లైన్లో రేకు రోలర్ల మధ్య నుంచి సాగుతూ పోయేది. అప్పుడప్పుడు అడ్డం తిరిగి ఇరుక్కునేది. లైన్ ఆపి తియ్యాలని రూలు. ఆపితే మళ్ళీ వేడెక్కి నడవడానికి అరగంట పడుతుంది, ఆ అరగంటా షిఫ్ట్ ఇన్‌ఛార్జి మన మీద వేడెక్కుతాడు. అందుకని నడుస్తున్న లైన్లోనే చెయ్యి పెట్టి, రోలర్ తిరిగే వేగం చూసుకుని, ఒక్క గుంజు గుంజి రేకును తీసేసేవాళ్ళం. సరిగ్గా తీస్తే వెన్నలా జారి వచ్చేది. అందుకే దాన్ని మక్ఖన్ తియ్యడం అనేవారు.

మక్ఖన్ తియ్యడంలో నన్ను మించినవాడు లేడు. ఇది గొప్పకు చెప్పడం లేదు, నేరం ఒప్పుకుంటున్నాను. పక్క వర్క్‌షాపుల వాళ్ళు కూడా చూడటానికి వచ్చేవారు. రేకు బయటికి రాగానే చప్పట్లు, ఆపైన ఎవరో ఒకరి చేత సమోసాలు. నన్ను అందరూ 'హీరో' అనే పిలిచేవారు. జీతం స్లిప్పు మీద కూడా అదే పేరు వేస్తే బాగుండునని నాకుండేది. ఆ హీరోతనం చూసే నన్ను ఛార్జ్‌హ్యాండ్‌ను చేశారు, అంటే ఆ లైన్లో పనివాళ్ళకు పెద్దను.

దాలినాయుడికి మక్ఖన్ నేర్పింది నేనే. వాడి మణికట్టు పట్టుకుని, ఎప్పుడు పెట్టాలో ఎప్పుడు లాగాలో వారం రోజులు నేర్పాను. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, దీంతో తర్వాత పని ఉంది.

రబ్బరు స్టాంపు

దాలినాయుడి కుడి చేతి చివరి రెండు వేళ్ళు పోయిన రోజున నేను లైన్ అవతలి కొస నుంచి, "లాగెహే, లాగు!" అని కేక వేస్తున్నాను. వాడు తటపటాయించాడు. నేను కేక వేశానని చెయ్యి పెట్టాడు. ఇంతకన్నా రాయలేను.

ఆస్పత్రి నుంచి వచ్చాక రిపోర్టు నింపాలి. ఛార్జ్‌హ్యాండ్‌ను కాబట్టి నేనే నింపాలి. ఆఫీసులో ఘోష్ బాబు అనే గుమాస్తా ఉండేవాడు. మహా మెత్తని మనిషి, ఈగను కూడా బతిమాలి పంపించే రకం. ఆయన టేబుల్ మీద సిరా దిండు పక్కన ఒక రబ్బరు స్టాంపు ఉండేది. దాని మీద ఒకటే మాట: లాపర్వాహీ. అజాగ్రత్త అన్నమాట. మా దగ్గర ఏ ప్రమాదం జరిగినా కారణం అనే గడిలో ఆ స్టాంపు కొట్టేసేవారు. చెయ్యి నలిగినా లాపర్వాహీ, మెట్లు విరిగినా లాపర్వాహీ. ఒకసారి షెడ్డు మీద పిడుగు పడితే కూడా అదే కొట్టారు. ఎవరి అజాగ్రత్తో ఇప్పటికీ తేలలేదు.

ఘోష్ బాబు టీ తాగడానికి వెళ్తూ, "సిరా పెట్టి ఉంచాను, కారణం మీరు చూసుకోండి" అన్నాడు. గడి ఖాళీగా ఉంది. లైన్ ఆపకుండా తియ్యడం మా అలవాటు, నేర్పింది నేను, కేక వేసింది నేను అని రాయాలంటే చోటు చాలదని నాకు నేనే చెప్పుకున్నాను. అసలు సంగతి భయం. ఛార్జ్‌హ్యాండ్ పదవి పోతుందని, హీరో అనే పేరు పోతుందని భయం. స్టాంపు తీసి రిపోర్టు మీదా, దాని కాపీ మీదా కొట్టాను. గదిలో ఎవరూ లేరు.

ఆ ఒక్క మాటతో దాలినాయుడి బతుకు మారిపోయింది. అజాగ్రత్త మనిషికి మళ్ళీ మెషిన్ ఇవ్వరు. ప్యాకింగ్‌లోకి పంపారు, రిటైరయ్యే వరకూ అక్కడే ఉన్నాడు. మెషిన్ చప్పుడు వింటే చాలు ఏ బేరింగ్ అరిగిందో చెప్పగలిగినవాడు పెట్టెలకు మేకులు కొట్టాడు. ఆ రిపోర్టు కాపీ ఒకటి వాడికీ ఇచ్చారు.

సీటీ

తర్వాతి ఏడాది సేఫ్టీలో ఖాళీ వస్తే నేనే అడిగి వెళ్ళాను. అందరూ పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. మొదటి వారంలోనే మక్ఖన్ బంద్ చేయించాను. చెయ్యి పెట్టినవాడిని చూస్తే విజిల్ ఊదేవాణ్ణి. విజిల్‌ని అక్కడ సీటీ అంటారు. నెల తిరక్కుండా 'హీరో' పోయి 'సీటీ బాబు' మిగిలాడు. సమోసాలు ఆగిపోయాయి. నన్ను చూసి చప్పట్లు కొట్టినవాళ్ళే నన్ను చూసి బీడీలు దాచేవారు.

నా పై ఆఫీసరు ముఖర్జీ సాబ్. కోపం రాదు, గొంతు పెంచడు, విజిల్ ముట్టుకోడు. నాకు ఒకటే నేర్పాడు. "పహలే జమీన్ దేఖో. ముందు నేల చూడు, తర్వాత పైన చూడు, తర్వాత మనిషి మొహం చూడు. అప్పుడు కూడా ఊదాలనిపిస్తే ఊదు." నేను సరేనన్నాను గానీ, మొదటి మూడూ వదిలేసి నాలుగోదే పాటించాను.

నిజం చెప్పాలంటే నేను అతిగా చేశాను. ఎక్కడ చూసినా దాలినాయుడి చెయ్యే కనిపించేది, ఊదేసేవాణ్ణి. మా బావమరిది కూతురి పెళ్ళిలో షామియానా వైర్లు బాగా లేవని పట్టుబట్టి విప్పించాను. ముహూర్తం దాటిపోయింది. మా అత్తవారి వైపు వాళ్ళు ఇప్పటికీ కుటుంబసమేతంగా రమ్మని శుభలేఖ ఇవ్వకుండా, మా ఆవిడను మాత్రమే రమ్మని నోటితో చెప్తారు.

పూజనాడు బూట్లు

ఏడాదికోసారి విశ్వకర్మ పూజ నాడు ఫ్యాక్టరీ ఆగుతుంది. మెషిన్లు కడిగి, బంతిపూల దండలు వేసి, పెళ్ళాంపిల్లల్ని తీసుకొచ్చి చూపిస్తారు. నేను సేఫ్టీలోకి వచ్చిన ఏడాది లోపలికి వెళ్ళేసరికి వర్క్‌షాపులో వందమందికి పైగా వట్టి కాళ్ళతో నిలబడి ఉన్నారు. మా నేల మీద రేకు తునకలు ఎప్పుడూ ఉంటాయి. బ్లేడు కన్నా అన్యాయంగా కోస్తాయి. హారతి పైకి లేచింది, గంట మోగింది, నేను సీటీ ఊదాను.

గంట ఆగిపోయింది. పంతులుగారి చేతిలో హారతి ఆగిపోయింది. చంటిపిల్లలు ఏడుపు మొదలెట్టారు.

"అందరూ బూట్లేసుకోండి! పంతులుగారూ, మీరు క్రేన్ కింద ఉన్నారు, హెల్మెట్ పెట్టుకోండి!"

"బూట్లేసుకుని పూజేటండీ?" అని ఎవరో అన్నారు. నేను మళ్ళీ ఊదాను. వందమంది తిట్టుకుంటూ బూట్లు తొడుక్కున్నారు. పంతులుగారు పిలక మీద పసుపు హెల్మెట్ పెట్టుకుని మంత్రాలు పూర్తిచేశారు. ఆ హెల్మెట్ మళ్ళీ స్టోరుకు రాలేదు. ఆయన దాన్ని పెట్టుకుని స్కూటర్ మీద పోతుండగా సాక్చీలో చాలాసార్లు చూశాను.

జనం వెళ్ళిపోయాక ముఖర్జీ సాబ్ నన్ను పక్కకు పిలిచాడు. "నేల చూశావా?" అని అడిగాడు. అప్పుడు చూశాను. ఆ మూల నుంచి ఈ మూల దాకా ఒక్క తునక లేదు. అన్నం వడ్డించుకుని తినొచ్చు. మూడు రోజులుగా డ్యూటీ అయ్యాక దాలినాయుడు ఒక్కడే మోకాళ్ళ మీద పాకుతూ, తాడుకు కట్టిన అయస్కాంతాన్ని నేలంతా ఈడ్చి తునకలన్నీ ఏరాడట. ఆడవాళ్ళూ పిల్లలూ వట్టి కాళ్ళతో వస్తారని. మూడు వేళ్ళు మిగిలిన చేత్తో.

దాలినాయుడు గోడ దగ్గర నిలబడి బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. ఆ చేత్తో లేసు ముడి పడటానికి చాలాసేపు పడుతుంది. నేను దగ్గరికి వెళ్ళాను. తలెత్తకుండానే అన్నాడు. "పర్లేదు ఆఫీసరుగారూ. నానసలే లాపర్వాహీ మనిసిని కదా."

వాడు నన్ను ఆఫీసరుగారూ అనడం అదే మొదలు. అంతకుముందు కోపమొచ్చినా 'ఒరే సూరీ' అనేవాడు. ఆ క్షణం చెప్పేసి ఉండాల్సింది, చెప్పలేదు. కొత్త పిల్లలకు రాస్తున్నాను కాబట్టి తేటగా రాస్తాను: పిరికితనం వల్ల చెప్పలేదు.

పండాల్‌లో నేను

పూజ అయిన కొన్నాళ్ళకే దసరా వచ్చింది. మా కాలనీ దుర్గాపూజ కమిటీలో దాలినాయుడు పెద్దమనిషి. సప్తమి నాడు కొత్త చీర కట్టుకున్న పైడితల్లితో పండాల్‌కి, అంటే అమ్మవారి పందిరికి వెళ్ళాను. లోపల అందరూ నన్ను చూసి దారి ఇస్తున్నారు. గౌరవం పెరిగిందనుకున్నాను.

"ఓలమ్మో!" అంది పైడితల్లి. "ఏటండిది, మీ మొగమే!"

అమ్మవారి కాళ్ళ దగ్గర మహిషాసురుడు పడి ఉన్నాడు. నెత్తిన పసుపు హెల్మెట్, మెడలో విజిల్, అచ్చంగా నా మీసాలు. గుండెలో శూలం. బెంగాల్ నుంచి వచ్చిన బొమ్మల మేస్త్రికి నా ఫొటో ఎవరిచ్చారో గానీ, ఎడమ చెంప మీది పుట్టుమచ్చతో సహా దించాడు.

"ఇప్పుడు నాను దండమెట్టాలా, మానాలా?" అని పైడితల్లి అయోమయంగా అడిగింది. చివరికి అమ్మవారికి దండం పెట్టి, "మా ఆయన్ని కాసుకో తల్లీ" అని కూడా మొక్కుకుంది. శూలం అలాగే ఉంది.

దాలినాయుడు ప్రసాదం పంచుతున్నాడు. నా దోసిట్లో కిచిడీ పెడుతూ చాలా మర్యాదగా అన్నాడు. "అసురుడి కాళ్ళు సూసినారా ఆఫీసరుగారూ? బూట్లేయించినాం. అమ్మోరికి మాత్రం ఏయలేదు. సీటీ ఊదుతారా మరి?"

పండాలంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చెయ్యను. దశమి నాడు మేళతాళాలతో నన్ను సువర్ణరేఖ నదిలో కలిపేశారు. ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను.

కొత్త పిల్లలకు ఇక్కడ ఒక మాట. నేను సేఫ్టీలో ఉన్నన్నాళ్ళూ ఆ లైన్లో మళ్ళీ ఎవరి వేలూ పోలేదు. విలన్ అనిపించుకోవడం ఈ ఉద్యోగంలో భాగం, దానికి బాధపడకండి. కానీ నేను మంచి పని చేస్తున్నానన్న ధీమాతో, అంతకుముందు చేసిన తప్పు మాఫీ అయిపోయిందనుకున్నాను. అలా కాదు. వందమంది వేళ్ళు కాపాడినా ఆ గడిలో స్టాంపు అలాగే ఉంటుంది.

భుయ్యాడీహ్‌లో ఒక ఉదయం

స్వీటీ బొమ్మల కథ పూర్తిచేసింది. అందులో నాకు నల్ల అంగీ, ఎర్ర కళ్ళు, గాలికి ఎగిరే మీసాలు. చూడటానికి బాగానే ఉన్నాను. చివరి పేజీ మాత్రం ఖాళీగా వదిలేసింది. "ఇది నువ్వు చెయ్యాలి తాతా" అని, నన్ను స్కూటీ ఎక్కించుకుని భుయ్యాడీహ్ తీసుకెళ్ళింది. దారి పొడుగునా, మెల్లగా పోనీమని నేను చెప్తూనే ఉన్నాను.

దాలినాయుడు ఇంటి ముందు స్టూలు మీద కూర్చుని పొట్లకాయ తరుగుతున్నాడు. "రండి ఆఫీసరుగారూ" అన్నాడు. స్వీటీ పుస్తకం చేతిలో పెట్టింది. కళ్ళజోడు తెచ్చుకుని, ఒక్కో బొమ్మా వేలితో తడుముతూ చూశాడు. హీరో స్నేహితుడి మణికట్టు పట్టుకుని నేర్పే బొమ్మ దగ్గర ఆగాడు.

"ఇదేటిది?"

"నీకు మక్ఖన్ నేర్పింది నానే కదా. నాను నేర్పకపోతే, ఆ రోజు కేక ఎయ్యకపోతే..."

"నువ్వా? నాకా?" దాలినాయుడు కత్తి పక్కకు నెట్టాడు. "పాపా, మీ తాత కోతలు నమ్మకు. ఈడు సైకిల్ చైను ఎక్కించనేక నా కాడికొచ్చేవోడు. మక్ఖన్ నాను ఈడికి నేర్పినాను! నా ఏళ్ళు నాను పోగొట్టుకున్నాను. అది కూడా నీ గొప్పేనేటి?"

నేను నోరు తెరిచాను. స్వీటీ నా కాలు తొక్కింది. అసలు మాట ఇంకా మిగిలే ఉంది కాబట్టి, తడబడుతూనే చెప్పాను. "రిపోర్టు మీద స్టాంపు కొట్టింది కూడా నానే, దాలీ."

దాలినాయుడు లేచి లోపలికి వెళ్ళాడు. ఇక బయటికి రాడనుకున్నాను. రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవరులో దాచిన పాత కాగితం తీసుకుని వచ్చాడు. వెలిసిపోయిన కార్బన్ కాపీ, దాని మీద ఊదారంగు మాట.

"నువ్వేనా?"

"నానే."

"ఇన్నేళ్ళూ ఆ ఘోష్ బాబుని తిట్టుకున్నానురా! ఆడి కూతురి పెళ్ళికి పిలిత్తే ఎళ్ళనేదు. ఎదురొత్తే మొగం తిప్పుకున్నాను. పాపం, ఆ మానవుడు నా కోపమేటో తెలీక, ఏటా దసరాకి సందేశ్ పంపేవోడు. తినేసి మరీ తిట్టినాను!"

నాకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. దాలినాయుడికి రెండూ రాలేదు. కాగితం నా ముందు పరిచాడు. "కొట్టీ. నీ సేత్తోనే కొట్టీ."

స్వీటీ తన నల్ల పెన్ను ఇచ్చింది. లాపర్వాహీ మీద అడ్డంగా గీత గీశాను. దాని మీదే రెండోసారి గీశాను.

"పక్కన కారణం రాయి. లైన్ నడుత్తంది. ఆపనేదు. ఆపనిచ్చేవోళ్ళూ నేరు. అంతే రాయి."

రాశాను. ఆ గడిలో చోటు చక్కగా సరిపోయింది. కింద సంతకం పెట్టాను. దాలినాయుడు కళ్ళజోడు సర్దుకుని చూసి, "పదవేదీ? పదవి నేకపోతే ఈ కాయితం సెల్లదు" అన్నాడు.

"రిటైరైపోనాను కదా, ఏటి పదవి రాయను?"

"విలన్ లిఖో, తాతా" అంది స్వీటీ.

"ఒద్దు," అన్నాడు దాలినాయుడు. "నాను సెప్తాను, రాయరా సూరీ. మక్ఖన్ పనిలో దాలినాయుడి శిష్యుడు."

రాశాను. వాడు చదువుకుని, కాగితాన్ని మడత పెట్టి, రేషన్ కార్డు పక్కన మళ్ళీ కవరులో పెట్టుకున్నాడు. నా ఉద్యోగమంతా లెక్కలేనన్ని రిపోర్టుల మీద సంతకాలు పెట్టాను. ఉన్నది ఉన్నట్టు రాసిన రిపోర్టు అదొక్కటే, అందులోనూ ఆ పదవి మాత్రం అబద్ధం.